అవధానం కుదరని అన్న, చరిత్రకెక్కని చెల్లెలు



"అవధానం" తెలుగువారికి ప్రీతిపాత్రమైన మాట. సంస్కృతంలో దానికి మనస్సును ఒక్కచోట నిలపడం అని అర్థం. ఆ నిలపడాన్నే ఒక విద్యగా మలచి, ఎనిమిదిమంది పృచ్ఛకుల నడుమ కవిని కూర్చోబెట్టి పరీక్షించే సంప్రదాయాన్ని పెంచి పోషించిన జాతి మనది. తిరుపతి వేంకటకవులు ఆ విద్యను ఊరూరా తిప్పి జనసామాన్యం దాకా తెచ్చారు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడి పని కేవలం ధ్యాస చెడగొట్టడమే; అతనికి అప్రస్తుత ప్రసంగి అని పేరు. మరొకరు మధ్యమధ్య గంట కొడుతూ ఉంటారు. ఎన్నిసార్లు మోగిందో అవధాని చివర లెక్క చెప్పాలి. ఇంతగా ధారణను గౌరవించిన భాషలో, ధ్యాస నిలవని పిల్లవాడికి మాత్రం చాలాకాలం తిట్లే తప్ప పేరు లేదు. కోతి, పిడుగు, కాలుగాలిన పిల్లి, కుదురులేని వెధవ. ఇవే మన నిఘంటువు. ఇప్పుడు వైద్యులు ఏ.డి.హెచ్.డి. అంటున్న స్థితిని తెలుగులో చెప్పాలంటే అవధానలోపం, అతిచాంచల్యం అనాలి.

ఆ పిల్లవాడికి రెండున్నర శతాబ్దాల లిఖితచరిత్ర ఉంది. వైద్యులు వ్రాశారు, ఉపాధ్యాయులు ఫిర్యాదు చేశారు, మందుల సంస్థలు మాత్రలు చేశాయి. అయితే అదే ఇంట్లో, అదే పంక్తిలో అతని ప్రక్కన కంచం పెట్టుకొని కూర్చున్న తమ్ముడో చెల్లెలో ఈ చరిత్రలో ఎక్కడున్నారు? నేను కొంతకాలంగా చదువుతున్నది ఈ ప్రశ్న కోసమే. మా ఇంటి అవసరం కొద్దీ మొదలైన చదువు ఇది. ఆ అవసరం ఏమిటో వ్యాసం చివరి భాగంలో మనవి చేస్తాను. ముందు చరిత్ర.

ఇప్పటికి లభిస్తున్న ఆధారాలలో మొదట చెప్పవలసినది జర్మన్ వైద్యుడు మెల్కియోర్ ఆడం వైకార్డ్ 1775లో ప్రకటించిన గ్రంథం. అందులో ధ్యాసలేమిని గురించి ఒక ప్రకరణమే ఉంది. అట్టివారికి ఆయన చెప్పిన చికిత్సలలో చన్నీటి స్నానం, గుర్రపుస్వారీ కూడా ఉన్నాయి. ఈ ప్రకరణం చాలాకాలం మరుగున పడి ఉండగా 2012లో రసెల్ బార్క్లీ, హెల్ముట్ పీటర్స్ అనే పండితులు దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. తరువాతివాడు స్కాట్లండ్ దేశస్థుడు అలెగ్జాండర్ క్రైటన్. ఆయన 1798లో మనోవ్యాధుల మీద వ్రాసిన గ్రంథంలో అవధానాన్ని గురించి, దాని రోగాలను గురించి ఒక అధ్యాయం వ్రాశాడు. ఈ లోపం కొందరికి పుట్టుకతోనే వస్తుందనీ, వయసుతో పాటు తగ్గే అవకాశం ఉందనీ గుర్తించాడు. లాటిన్, గ్రీకు వ్యాకరణాలు చెప్పేచోట కొందరు పిల్లలకు బెత్తమూ పనిచేయదు, బుజ్జగింపూ పనిచేయదు అన్న అర్థం వచ్చేటట్లు ఆయన వ్రాసిన మాట చదివినప్పుడు, ముప్పై ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పిన నాకు నవ్వు వచ్చింది. గుంటూరు జిల్లా బడిలో నేను చూసినదే ఎడింబరోలో పుట్టిన వైద్యుడు రెండువందల ఏళ్ళ క్రితం చూశాడు. విచిత్రమేమిటంటే ఈ వైద్యులిద్దరూ తరువాత రష్యా రాజాస్థానంలో కొలువు చేశారు.

1844 క్రిస్మస్ పండుగకు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో హైన్రిచ్ హాఫ్‌మన్ అనే వైద్యుడు మూడేళ్ళ కొడుక్కు ఒక బొమ్మల పుస్తకం కొందామని బజారుకు వెళ్ళాడు. నచ్చినది దొరకక, తెల్లకాగితాల పుస్తకం కొని తానే బొమ్మలు వేసి పద్యాలు కట్టాడు. 1845లో అచ్చయిన ఆ పుస్తకమే "స్ట్రూవెల్‌పేటర్". తరువాతి ముద్రణలలో చేరిన పాత్రలలో ఒకడు కుదురులేని ఫిలిప్. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఊపి ఊపి, పడిపోతూ బల్లమీది గుడ్డ పట్టుకొని లాగుతాడు. గిన్నెలూ రొట్టే అన్నీ నేలపాలవుతాయి. తండ్రికి కోపం. తల్లి మాట లేకుండా చూస్తుంది. ఏ.డి.హెచ్.డి. చరిత్ర చెప్పేవారందరూ ఈ ఫిలిప్‌ను తలచుకోకుండా ఉండరు.

నేను ఆ బొమ్మను చాలాసేపు చూశాను. బల్ల దగ్గర ఉన్నది ముగ్గురే. తండ్రి, తల్లి, ఫిలిప్. తమ్ముడు లేడు, చెల్లెలు లేదు. నిజానికి అన్నం నేలపాలైతే తండ్రి మరొకటి తెప్పించుకోగలడు. నోరెత్తకుండా ఆకలితో లేచిపోయేది చిన్నపిల్ల. ఆ పిల్లకు బొమ్మలో కుర్చీయే వేయలేదు. ఆ తరువాత వ్రాసిన చరిత్రలో కూడా చాలాకాలం వేయలేదు.

1902లో లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే శిశువైద్యుడు గూల్స్టోనియన్ ఉపన్యాసాలు ఇచ్చాడు. అవి లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. తెలివికి లోటు లేకున్నా తమను తాము నిగ్రహించుకోలేని 20 మంది పిల్లలను ఆయన వర్ణించాడు. వారిలో 15 మంది మగపిల్లలు, 5 గురు ఆడపిల్లలు. ఈ నిగ్రహలోపాన్ని ఆయన "నైతిక నియంత్రణ లోపం" అన్నాడు. నైతికం అన్న మాటకు ఆనాటి వైద్యంలో ఉన్న అర్థం నేటి అర్థం కంటె విశాలమే. అయినా ఆ మాట ఇళ్ళలోకి వెళ్ళేసరికి నింద అయి కూర్చుంటుంది. నీతి లేనివాడు అన్న ముద్ర పెద్దవాడి మీద పడిన ఇంట్లో, రెండవ బిడ్డకు పుట్టగానే ఒక ఉద్యోగం సిద్ధమవుతుంది. నీతిమంతుడుగా ఉండి ఇంటి పరువు నిలబెట్టడం ఆ ఉద్యోగం. "వాడెట్లాగూ అంతే, నువ్వయినా బుద్ధిగా ఉండు" అన్న వాక్యం వినని తెలుగు ఇల్లు ఉంటుందా?

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 ప్రాంతం నుండి ఐరోపాలోనూ అమెరికాలోనూ మెదడువాపు నిద్రజబ్బు ఒకటి వ్యాపించింది. బ్రతికి బయటపడ్డ పిల్లలలో కొందరు అంతకుముందు లేని చాంచల్యంతో, ఆవేశంతో కనిపించారు. దీనితో ఈ ప్రవర్తనకు మూలం మెదడులో ఉందన్న ఆలోచన బలపడింది. 1932లో బెర్లిన్‌లో ఫ్రాన్‌ట్స్ క్రామర్, హాన్స్ పోల్నో అనే వైద్యులు నేటి అతిచాంచల్యానికి చాలా దగ్గరగా ఉన్న శిశువ్యాధిని వర్ణించారు. ఇద్దరూ యూదులు. నాజీల ఏలుబడిలో క్రామర్ 1938లో నెదర్లాండ్స్‌కు వలసపోయాడు. పోల్నో 1943లో మౌట్‌హౌజెన్ నిర్బంధశిబిరంలో ప్రాణాలు కోల్పోయాడు. చంచలులైన పిల్లలను ఓర్పుతో గమనించిన మనిషికి ఆ కాలం ఇచ్చిన బహుమానం అది.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో జార్జ్ బ్రాడ్లీ అనే ధనికుడికి ఎమ్మా అనే ఒక్కతే కూతురు. ఏడేళ్ళ వయసులో మెదడువాపు వచ్చి ఆమె జీవితాంతం కోలుకోలేదు. ఆ తల్లిదండ్రులు వ్రాసిన వీలునామా ఫలితంగా 1931లో ఆమె పేరిట పిల్లల మానసిక వైద్యశాల వెలసింది. అక్కడే 1937లో, ఆ కుటుంబానికే చెందిన వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, పరీక్షల వల్ల వచ్చిన తలనొప్పికి ఉపశమనంగా ఉంటుందని కొందరు పిల్లలకు బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. తలనొప్పి సంగతి ఎట్లున్నా 30 మందిలో 14 మంది చదువులో ఆశ్చర్యకరంగా కుదురుకున్నారు. పిల్లలే ఆ మందుకు లెక్కల మాత్రలని పేరు పెట్టారట. 1944లో స్విట్జర్లండ్‌లో సీబా సంస్థ రసాయనికుడు లియాండ్రో పానిట్సోన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారు చేశాడు. భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదుగానే 1954లో రిటాలిన్ బజారులోకి వచ్చింది.

ఆ తరువాత ఈ స్థితికి పెట్టిన పేర్లు శ్రీకృష్ణునికి పెట్టిన పేర్ల వంటివి. స్వల్ప మస్తిష్క హాని అన్నారు. హాని కనబడటం లేదని స్వల్ప మస్తిష్క వైకల్యం అన్నారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1968 నాటి వర్గీకరణలో బాల్యపు అతిచలన ప్రతిక్రియ అన్నది. కెనడాలో వర్జీనియా డగ్లస్ అనే మనోవిజ్ఞాని, కాళ్ళు నిలవకపోవడం కంటె ధ్యాస నిలవకపోవడం ముఖ్యమని 1970ల ఆరంభంలో వాదించి ఒప్పించింది. 1980లో పేరు అవధానలోప వ్యాధిగా మారింది. చాంచల్యం ఉన్నది, లేనిది అని దానిలో రెండు రకాలు వచ్చాయి. 1987లో చాంచల్యాన్ని మళ్ళీ పేరులో చేర్చారు. 1994లో మూడు రకాలు చేశారు. 2013లో లక్షణాలు 12 ఏళ్ళ లోపు కనబడి ఉండాలని గడువు పెంచారు. అంతకుముందు అది 7 ఏళ్ళు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలోనూ ఇప్పుడు ఇదే పేరు ఉంది.

పండితులకు నామచర్చ ఇష్టమని పరిహాసం చేసేవారున్నారు. అయితే 1980లో వచ్చిన ఆ రెండవ రకం, చాంచల్యం లేని ధ్యాసలేమి, ఈ వ్యాసానికి ప్రాణప్రదమైనది. అంతవరకు కుర్చీలు పడగొట్టేవాడే రోగి. కిటికీలోంచి చూస్తూ, పిలిస్తే రెండవసారికి పలికే పిల్ల ఎవరి లెక్కలోకీ రాదు. అల్లరి చేయదు కాబట్టి బుద్ధిమంతురాలన్న పేరు కూడా వస్తుంది. ఆడపిల్లలలో ఈ లోపాన్ని ఆలస్యంగా గుర్తించడానికి ఇది ఒక ప్రధాన కారణమని ఇప్పుడు వైద్యులు అంగీకరిస్తున్నారు. ఇక ఇంట్లో ఒక పిడుగు ముందే ఉంటే, ప్రక్కన ఉన్న మౌనం ఎవరికి వినపడుతుంది?

చిన్నబిడ్డ శాస్త్రంలోకి మొదట అడుగు పెట్టినది సాక్ష్యంగా మాత్రమే. 1970ల ఆరంభంలో అమెరికాలో మోరిసన్, స్టూవర్ట్ అనేవారు, వేరుగా కాంట్‌వెల్ అనే ఆయన, ఇది వంశంలో నడుస్తుందా అని చంచలబాలుర తల్లిదండ్రులనూ బంధువులనూ పరిశీలించారు. తరువాత కవలల మీద, తోబుట్టువుల మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. మనిషికీ మనిషికీ మధ్య ఈ విషయంలో కనబడే భేదంలో సుమారు 74 శాతం వారసత్వానిదని కవలల పరిశోధనలన్నిటినీ కూడి 2019లో లెక్క తేల్చారు. అదే సంవత్సరం జన్యుపటంలో దీనితో సంబంధమున్న 12 స్థానాలు బయటపడ్డాయి; 2023 నాటికి అవి 27 అయ్యాయి. పెంపకలోపమని తల్లిని ఆడిపోసుకునే అత్తలకు, ఆడపడుచులకు ఈ అంకెలు చూపించాలి.

మరొక అంకె నేరుగా చిన్నబిడ్డకు సంబంధించినది. 2019లో అమెరికా శిశువైద్య పత్రికలో మేఘన్ మిల్లర్ బృందం ఒక పరిశోధన ప్రకటించింది. పై బిడ్డకు ఏ.డి.హెచ్.డి. ఉంటే క్రింది బిడ్డకు అది నిర్ధారణ అయ్యే అవకాశం, అట్టి అన్నగాని అక్కగాని లేని పిల్లలతో పోలిస్తే సుమారు 13 రెట్లని తేలింది. ఆటిజం విషయంలోనూ అవకాశం నాలుగు రెట్లకు పైగా పెరిగింది. ఈ 13 అన్న అంకె చూడగానే ఏ తల్లికైనా గుండె జారుతుంది. అందుకే దానిని సరిగా అర్థం చేసుకోవాలి. రెట్లు వేరు, శాతాలు వేరు. చిన్న అంకెను 13 రెట్లు చేసినా అది నూటికి నూరు కాదు. అన్నకు ఉన్నా తమకు లేని తమ్ముళ్ళూ చెల్లెళ్ళే ఎక్కువమంది. అంటే చిన్నబిడ్డను పెంచేవారు రెండు ప్రశ్నలను వేరువేరుగా మనసులో పెట్టుకోవాలి. ఈ బిడ్డకు కూడా అదే ఉందా అన్నది మొదటిది. లేకపోతే, అది ఉన్న ఇంట్లో పెరగడం ఈ బిడ్డను ఏమి చేస్తోంది అన్నది రెండవది.

రెండవ ప్రశ్నకు చరిత్ర ఇంకా చిన్నది. ముందడుగు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కుటుంబాల వైపు నుండి పడింది. 1950ల చివర అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ ఫార్బర్ ఒక సూక్ష్మమైన సంగతి పట్టుకున్నాడు. జననక్రమం ఏదైనా సరే, లోపమున్న బిడ్డ కాలక్రమాన ఆ ఇంట్లో చిన్నబిడ్డ స్థానానికి చేరుకుంటుందని అతడు చెప్పాడు. వెనుక పుట్టినవాళ్ళు అతన్ని దాటి ముందుకు పోయి పెద్దవాళ్ళవుతారు. ఏ.డి.హెచ్.డి.లో తెలివికి లోటు లేకపోయినా, నిగ్రహంలో చెల్లెలు అన్నను దాటిపోయే రోజు వస్తుంది. ఆరోజు నుండి అన్న చెప్పులు వెదికేది, అన్న సంచి సర్దేది చెల్లెలే. 1972లో ఫ్రాన్సెస్ గ్రాస్‌మన్ అట్టి కుటుంబాల నుండి కళాశాలలకు వచ్చిన యువతీయువకులతో మాట్లాడి పుస్తకం వ్రాసింది. ఆ అనుభవం వల్ల కొందరు ఓర్పు, సహృదయత అలవరచుకొని ఉన్నతులయ్యారు. దాదాపు అంతేమంది లోలోపల గాయపడ్డారు. ఈ ఫలితంలోని నిజాయితీ నాకు నచ్చింది. త్యాగం మనిషిని తప్పక గొప్పవాణ్ణి చేస్తుందని ఆమె మంగళహారతి పాడలేదు. 1980లలో సియాటిల్ నగరంలో డాన్ మేయర్ ఇట్టి తోబుట్టువుల కోసమే ఆటపాటలతో కూడిన కలయికలు మొదలుపెట్టాడు. తమవంటి మరొక పిల్లను చూడడమే ఆ పిల్లలకు పెద్ద ఓదార్పు.

కేవలం ఏ.డి.హెచ్.డి. ఉన్నవారి తోబుట్టువుల మాట విన్నది జూడీ కెండల్ అనే పరిశోధకురాలు. ఆమె వ్యాసం 1999లో వచ్చింది. ఆ పిల్లలు చెప్పినదంతా ఆమె మూడు మాటలలో కుదించింది. మొదటిది, దెబ్బలకూ దౌర్జన్యానికీ గురి కావడం, పెద్దలు దానిని చిన్న విషయంగా కొట్టిపారేయడం. రెండవది, పిల్లలై ఉండి కాపలాదారులు కావడం. మూడవది, దుఃఖం, ఏదో పోగొట్టుకున్న భావం. 1775 నుండి లెక్కిస్తే ఈ మూడు మాటలు వినడానికి 224 ఏళ్ళు పట్టింది.

మన సంగతి చూద్దాం. మన ఇతిహాసంలో తమ్ముడంటే లక్ష్మణుడు, భరతుడు. అన్నకోసం అడవికి వెళ్ళినవాడొకడు, అన్న పాదుకలు తెచ్చుకొని నందిగ్రామంలో తపస్విలా బ్రతికినవాడొకడు. ఆ ఆదర్శాన్ని నేను తక్కువ చేయను. బ్రతుకంతా దానినే పాఠం చెప్పాను. అయితే లక్ష్మణుడు అడవికి వెళ్ళినప్పుడు ఎదిగిన యువకుడు, తెలిసి తానుగా వెళ్ళాడు. ఐదేళ్ళ పిల్లను మనం పంపించకూడదు. మరొక సంగతి. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ తెరచాటున ఉండిపోతుంది. ఆమెను మరచిపోనివారు తెలుగింటి ఆడవాళ్ళు. "ఊర్మిళాదేవి నిద్ర" అనే పాట కట్టుకొని తరతరాలుగా పాడుకున్నారు. ప్రధానకథ వెలుగులో లేని మనిషికి ఏమైందో అడగడం మన స్త్రీలకు తెలిసిన విద్యే. ఈ వ్యాసంలో నేను అడుగుతున్నదీ అటువంటి ప్రశ్నే.

మన వీధిబడులలో కుదురులేనివాడికి కోదండం, గోడకుర్చీ, గుంజీళ్ళు వైద్యం. కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. అయితే పాతకాలపు ఉమ్మడి ఇళ్ళలో ఒక సదుపాయం ఉండేది. పెద్దవాడు తల్లిని ఊపిరి సలపనీయకపోతే చిన్నది పెద్దమ్మ ఒళ్ళోకో, నాయనమ్మ మంచంలోకో చేరేది. పిల్లవాడి ఉరుకులకు పెరడు, చెరువుగట్టు, పశువుల కొట్టం ఉండేవి. నేటి రెండు గదుల వాటాలో నలుగురు మనుషులకు పారిపోయే చోటు లేదు. 1984లో సికిందరాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు అండ అయింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం అందులో ఉన్నాయి. ఏ.డి.హెచ్.డి. మాత్రం ఆ పట్టికలో పేరుగా లేదు. అన్నకే చట్టంలో పేరు లేనప్పుడు చెల్లెలికి ఎక్కడి పేరు?

ఇక మా ఇంటి సంగతి. మా అబ్బాయికి ఇద్దరు పిల్లలు. మనవడికి పదకొండు నిండాయి. ఏడవ ఏట హైదరాబాదులో నిర్ధారణ జరిగింది. మందు వాడుతున్నాడు, కుదుటపడుతున్నాడు. బంగారంవంటి మనసు, చేయి మాత్రం మాట వినదు. మనవరాలికి అయిదున్నర. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పిల్ల తన రంగుపెన్సిళ్ళ పెట్టెను మా బియ్యం డబ్బాలో, బియ్యం క్రింద పాతిపెట్టింది. అన్నం వండబోయి మా ఇంటావిడ బయటికి తీసింది. "అన్నయ్య విరగ్గొడతాడు నాయనమ్మా. అడిగితే అమ్మ సర్దుకోమంటుంది" అన్నది, ఫిర్యాదు లేని గొంతుతో. నాకు ఆ గొంతే గుచ్చుకుంది.

అవధాన పరిభాషలో చెప్పాలంటే మా కోడలు నిత్యం అష్టావధానం చేస్తోంది. బడి నుండి ఫోను, మందువేళ, ప్రక్కవాటా వాళ్ళ తగవు, ఆఫీసు పని, అన్నీ ఒకేసారి. ఆ సభలో మా మనవరాలు తన వంతు ఎన్నటికీ రాని పృచ్ఛకురాలు. ఒకనాడు నన్ను అడిగింది: "తాతయ్యా, నాకు కూడా డాక్టరుగారు ఉంటే, అమ్మ నాతో ఒక్కదానితోనే వస్తుందా?" నెలకొకసారి అన్నను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆ పిల్ల కళ్ళకు అమ్మతో చేసే విహారయాత్ర. రోగం అంటే ఆ పిల్లకు అమ్మ దొరికే మార్గం.

ఇంతలో వాళ్ళ బడి టీచరమ్మ, పిల్ల పాఠంలో పరధ్యానంగా ఉంటోందనీ, పలకా డబ్బా ఎక్కడో మరచిపోతోందనీ చీటీ పంపింది. ఆ చీటీ మీద ఇంట్లో మూడు అభిప్రాయాలు. వెంటనే పరీక్ష చేయించాలని కోడలు. ఒక్క ముద్ర చాలు, రెండవది వద్దని అబ్బాయి. ఆడపిల్ల, నెమ్మదస్తురాలు, ఏమీ లేదని మా ఇంటావిడ. నన్ను అడిగినప్పుడు నేను పైన వ్రాసిన చరిత్రనే ముందుపెట్టుకొని జవాబు చెప్పాను.

ముద్ర వేసేది వైద్యుడు మాత్రమే అనుకోవడం పొరపాటు. నెమ్మదస్తురాలు అన్నదీ ముద్రే, సర్దుకుపోయేది అన్నదీ ముద్రే. వైద్యుని ముద్రను మార్చవచ్చు, ఇంటివాళ్ళు వేసినది చెరగడం కష్టం. 13 రెట్లన్న అంకె భయపడడానికి కాకుండా కళ్ళు తెరచి ఉండడానికి పనికి రావాలి. బడిలోనూ ఇంట్లోనూ, రెండుచోట్లా, కొన్ని నెలల పాటు ఏమి కనబడుతోందో ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి వ్రాసుకోమన్నాను. ఒక్కచోటే కనబడితే కారణం ఆ చోటులోనే ఉండవచ్చు. సరిగా నిద్రపోని పిల్లా, దిగులుపడిన పిల్లా కూడా కిటికీలోంచే చూస్తుంది. రెండుచోట్లా కనబడితే, వెనుకాడకుండా చూపించవలసిందే. చూపించినంత మాత్రాన మందు మింగించరు. ఆరేళ్ళ లోపు పిల్లలకు మొదటి చికిత్స తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే అని అమెరికా శిశువైద్యుల సంఘం 2019 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాడి కోసం ఆ శిక్షణ ఎలాగూ మనవాళ్ళకు కొంత అందింది. చిన్నదానికి అది వృథా పోదు.

పరీక్ష సంగతి ఎట్లా తేలినా, రెండవ ప్రశ్నకు జవాబు ఈరోజే మొదలుపెట్టాలని గట్టిగా చెప్పాను. చేసినవి చిన్నపనులే. ఆ పిల్లకు తాళం వేసే ఒక అర ఇచ్చాము. తాళంచెవి దాని మెడలోనే ఉంటుంది. ఆదివారం ప్రొద్దున ఒక గంట అమ్మది, ఆ గంటలో అన్నయ్య నాన్నతో మైదానానికి. మందు వేసుకున్నాడా, హోంవర్కు చేశాడా అన్న ప్రశ్నలు చెల్లెలిని అడగకూడదు. అది గూఢచారి కాదు. దెబ్బ తగిలితే ముందు దెబ్బ తిన్నదాని దగ్గరకు వెళ్ళాలి, విచారణ ఆ తరువాత. అన్నయ్య అట్లా ఎందుకు చేస్తాడో దానికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. "అన్నయ్య బండికి బ్రేకులు ఆలస్యంగా పడతాయి. బాగుచేస్తున్నారు. అది నీవల్ల రాలేదు, బాగుచేయడం నీ పనీ కాదు" అని నేను చెప్పాను. "మరి నా బండికి?" అని అడిగింది. చూస్తున్నామమ్మా అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మనవడికి కూడా ఇందులో లాభమే ఉంది. చెల్లెలికి తాళం ఇచ్చాక వాడిని దొంగా అనవలసిన సందర్భాలు తగ్గాయి. ఇద్దరిలో ఒకరిని గెలిపించి మరొకరిని ఓడించే ధర్మం ఇంట్లో నిలవదు. పోయిన నెల వాడు నాకు ఫోను చేసి, "తాతయ్యా, చెల్లి నన్ను దాని అర తెరిచి చూడనిచ్చింది. రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోలేదు" అని చెప్పాడు. రెండు నిమిషాలు! శతావధానం పూర్తి చేసిన కవికి వేసే శాలువా వాడికి వేయవచ్చు.

చీటీ సంగతి ఇంకా తేలలేదు. నోటుపుస్తకంలో ఆరువారాల తారీఖులు పడ్డాయి. బడిలో పరధ్యానం నిజమే. ఇంట్లో మాత్రం రంగులు వేస్తూ గంటసేపు కదలదు. ఇష్టమైన పనిలో లీనం కావడం ఈ లోపం ఉన్నవారిలోనూ ఉంటుందని వైద్యులు అంటారు కాబట్టి, దానితోనే నిశ్చింత పడడానికి వీల్లేదు. వేసవి సెలవులు మొదలుకాక ముందే చూపించాలని అబ్బాయి కూడా ఇప్పుడు ఒప్పుకున్నాడు. ఆరోజు అమ్మ, కూతురు ఇద్దరే వెళ్ళాలనీ, పని అయ్యాక నేరుగా ఇంటికి రాకుండా ఎక్కడైనా ఇడ్లీ తిని రావాలనీ మా కోడలికి చెప్పి ఉంచాను. ఫలితం ఏదైనా ఆ పిల్లకు గుర్తుండేది ఆ ఇడ్లీయే.

ఇటువంటి ఇద్దరు పిల్లలున్న ఇల్లు చదువరులలో ఎవరిదైనా అయితే, ఈ రాత్రి పెద్దవాడు నిద్రపోయాక చిన్నబిడ్డ దగ్గర ఒక పది నిమిషాలు కూర్చోండి. ఏమీ అడగనక్కరలేదు. బియ్యం డబ్బాలో ఏమి దాచుకుందో తానే చెబుతుంది.

స్వస్తి.